తెగిన పంచాయితీ మీద వచ్చిన కాయితం

కరోనా తగ్గుముఖం పట్టాక రెండో ఏడు. తెలుగు రాష్ట్రాల సరిహద్దు దాటితే వచ్చే కొంటాలో మా వకీలు రాఘవరావు గారి ఆఫీసు అప్పట్లో హైవే పక్కన, పంక్చర్ దుకాణం వెనక ఉండేది. వెనక గదిలో ఆయన, ముందు గదిలో నేను. నేను ఆయన దగ్గర మున్షీని, అంటే వకీలు గుమాస్తాని. ఫైలు కట్టాలి, కోర్టు ఫీజు టికెట్లు తేవాలి, నకళ్ళకు దరఖాస్తు పెట్టాలి, పేశీ తేదీ, అంటే విచారణ తేదీ, పార్టీకి చెప్పాలి, పార్టీ రాకపోతే వెతికి పట్టుకురావాలి. వాదించడం తప్ప మిగతాదంతా మున్షీ పనే. వాదించేవాళ్ళు ఈ మాట ఒప్పుకోరు.

నాకు అక్షరాలు పెళ్ళయ్యాక, లారీ మీద క్లీనరుగా తిరిగే రోజుల్లో వచ్చాయి. అంతకు ముందు నేనూ వేలిముద్ర వాణ్ణే. అందుకే ఆఫీసులో ఒక పద్ధతి పెట్టాను. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం. చదువు రాని మనిషి దాని మీద వేలు వేస్తే, కింద ‘చదివి వినిపించి అర్థమయ్యేలా చెప్పడమైనది’ అని ఒక వాక్యం రాస్తారు. చాలా చోట్ల ఆ వాక్యం ఉంటుంది, చదవడం ఉండదు. నేను మాత్రం చదవందే సిరా డబ్బా మూత తీయను. హిందీలో టైపయిన కాగితాన్ని మనిషిని బట్టి తెలుగులోనో, దొర్లీలోనో, గోండీలోనో చెబుతాను. ఆలస్యమవుతోందని వకీలు గారు విసుక్కునేవారు. విసుక్కోనీ అని ఊరుకునేవాణ్ణి.

వడ్లు సొసైటీకి పోసే రోజుల్లో సోయం ముత్తమ్మ వచ్చింది. ఎర్రబోరు దగ్గర రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఒక దొర్ల ఆదివాసీల ఊరు ఆమెది. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు.

“మామా, బ్యాంకుల మా పైసలకు తాళమేసిండ్రు. వడ్లు పోసిన పైసలు. ఎడ్లు కొనాల్నని ముట్టకుండ ఉంచిన.”

“ఎవరేయించిండ్రు?”

“బండి కంపెనోళ్ళట. వాళ్ళ పంచాయితీ ఎప్పుడో తెగింది గదా. మళ్ళీ ఇదేంది?”

సంగతి ఇది. ముత్తమ్మ భర్త పికప్ బండి తోలేవాడు. ఆ బండి ఆమె పేరు మీద అప్పు చేసి కొన్నారు. కొనేటప్పుడు ముందు కట్టాల్సిన సొమ్ము కోసం ఇంటి ఎడ్లను అమ్మేశారు. కరోనా రోజుల్లో జ్వరం వచ్చి భర్త పోయాడు. వాయిదాలు ఆగిపోయాయి. కంపెనీ వసూళ్ళ మనిషి ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెడితే ఊరి పెద్ద కారం దుర్గయ్య అతణ్ణి కూర్చోబెట్టి పంచాయితీ పెట్టాడు. ఊరంతా కూర్చుంది. బండి తాళాలు అతని చేతిలో పెట్టారు. కోడిని కోశారు. అతను అందరితో కలిసి కల్లు తాగి, తిని, ‘హిసాబ్ ఖతం’ అని చెయ్యెత్తి చెప్పి బండి తీసుకుపోయాడు. ఆ ఊళ్ళో కలిసి తిన్నాక తగువు తెగినట్టే. తెగిన దాన్ని మళ్ళీ ఎత్తినవాడు తప్పు కట్టాలి. తప్పు అంటే జరిమానా.

కంపెనీకి ఈ కోడి సంగతి పట్టదు కదా. బండిని అగ్గువకు అమ్మేసింది. వచ్చింది పోగా ఇంకా బాకీ ఉందని, అప్పు ఒప్పందంలో ఉన్న ఆర్బిట్రేషన్ షరతు బయటికి తీసింది. కోర్టుకు పోకుండా ఒక మధ్యవర్తి దగ్గర తగువు తేల్చుకోవడమే ఆర్బిట్రేషన్. జగదల్‌పూర్‌లో ఒక పెద్దమనిషిని కంపెనీయే మధ్యవర్తిగా పెట్టుకుంది. ముత్తమ్మ హాజరు కాలేదని రాసుకుని, బాకీ వడ్డీతో సహా కట్టాలని ఆయన తీర్పిచ్చాడు. దాన్ని అవార్డు అంటారు. అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. దాన్ని అమలు చేయమని కోర్టులో వేసే దరఖాస్తు ఎగ్జిక్యూషన్. అది వేశారు, బ్యాంకు ఖాతా ఆగింది.

వకీలు గారు ఇదంతా వివరిస్తుంటే ముత్తమ్మ శ్రద్ధగా విన్నది.

“అంటే అది గూడ పంచాయితీయేనా?”

“పంచాయితీయే.”

“పెద్దను వాళ్ళొక్కరే పెట్టుకుండ్రా? మమ్మల్ని అడగకుంటనే?”

వకీలు గారు నవ్వారు. “మన పాయింటు అదేనమ్మా. ఒక పక్షం తనకు తానే పెట్టుకున్న మధ్యవర్తి చెల్లడు. చట్టమే చెబుతోంది.”

“మరింక భయమేంది?”

“తేదీ. భయం తేదీతోనే.”

ఆర్బిట్రేషన్ చట్టంలో సెక్షన్ 34 అని ఉంది. అవార్డును కొట్టేయమని కోర్టును అడిగే దారి అదొక్కటే. అవార్డు పార్టీకి అందిన రోజు నుంచి మూడు నెలల్లో అడగాలి. గట్టి కారణం చూపితే జడ్జి ఇంకో ముప్పై రోజులు ఇవ్వొచ్చు. అది దాటితే జడ్జికి ఎంత జాలి ఉన్నా చేతులు కట్టేసినట్టే. అవార్డు ఎంత తప్పుడుదైనా అలాగే నిలబడుతుంది. నా సర్వీసులో ఇలా తేదీ దాటి చచ్చిన కేసులే ఎక్కువ చూశాను. వకీళ్ళు వాదించి ఓడిన కేసులు అంతకన్నా తక్కువ. ముత్తమ్మ కేసులో అవార్డు రిజిస్టరు పోస్టులో పంపి ఏడాది దాటింది. అందినట్టు కార్డు మీద ఎవరిదో హిందీ దస్తఖత్ ఉంది. ముత్తమ్మ వేలిముద్ర మనిషి.

వకీలు గారు అఫిడవిట్ చెప్పి టైపు చేయించారు. నేను ఆమె వేలికి సిరా రాసి, కాగితం పట్టుకుని దొర్లీలో చెప్పుకుంటూ పోయాను. సిరా ముందే రాయాల్సింది కాదు, ఆ రోజు జగదల్‌పూర్ కోర్టుకు పోయే బస్సు తప్పుతుందని తొందరపడ్డాం. ‘ఆర్బిట్రేషన్‌కు సంబంధించిన ఏ కాగితమూ దరఖాస్తుదారు ఊరికి గాని ఇంటికి గాని రాలేదు’ అన్న చోటికి రాగానే ఆమె చెయ్యి వెనక్కు లాక్కుంది.

“ఇది అబద్ధం గదా మామా.”

“ఏది?”

“కాయితం రాలేదని. వచ్చింది. మా ఊరి పెద్దాయన ఇంట్ల దూలానికి కట్టి ఉన్నది.”

వకీలు గారు వెనక గదిలోంచి లేచి వచ్చారు. “నిన్నెవరు చెప్పమన్నారమ్మా ఆ మాట?”

“ఎవరు చెప్పాలె? నాకు ఎరికే.”

“ఆ మాట కోర్టులో చెబితే మన కేసు గడప దాటదు.”

“చెప్పకుంటే?”

“దాటొచ్చు.”

ఆమె సిరా వేలిని గాల్లోనే పట్టుకుని నిలబడింది. “పెద్దాయన ఇంట్ల ఉన్న కాయితాన్ని లేదంటే ఆయన్ను దొంగను చేసినట్టే. అట్ల గెలిచి ఎడ్లు కొంటే, వాటిని ఏ ఊళ్ళె కట్టెయ్యాలె సాబూ?”

వకీలు గారికి కోపం వచ్చింది. ఆయన కోపంలో నిజం లేకపోలేదు. గెలిపించమని వచ్చిన మనిషే గెలుపుకు అడ్డం నిలబడితే ఎవరికైనా వస్తుంది. పైగా ఆమెకు ఉన్న ఆధారం ఆ పొలమొక్కటే. అది వాగు అవతల ఉంది, ట్రాక్టరు దాటదు. పోయిన ఏడు వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి ఆలస్యంగా దున్నించుకుంది. ఈసారీ ఎడ్లు లేకపోతే పొలం వదిలేసి తెలంగాణకు మిర్చి కోతలకు పోవడమే. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

నేను అడిగాను. “కాయితం సంగతి మొదటి నుంచీ చెప్పు బిడ్డా.”

లోపలి ఊళ్ళకు ఉత్తరాలు ఎలా అందుతాయో బయటివాళ్ళకు తెలియదు. తపాలా మనిషి సంతకు వస్తాడు. ఆ ఊరి మనిషి ఎవరు కనపడితే వాళ్ళకు ఇస్తాడు. వానాకాలం వాగులు దాటి ఇల్లిల్లూ తిరగమంటే ఎవరూ తిరగలేరు, అందుకని రెండు వైపులా ఒప్పుకున్న పద్ధతే అది. అలా దుర్గయ్య తమ్ముడి కొడుకు దస్తఖత్ చేసి తీసుకుని, సర్కారు ముద్రలా ఏదో కనపడితే పెద్దాయనకు ఇచ్చాడు. అది తెగిన పంచాయితీ మీద వచ్చిన కాయితమని చదివించుకుని పెద్దాయన ఊరిని కూర్చోబెట్టాడు. తెగినదాన్ని కంపెనీ మళ్ళీ ఎత్తింది, తప్పు కంపెనీది, జవాబు చెప్పాల్సిన పని మనకు లేదు అని ఊరు తేల్చింది. కాగితాన్ని దూలానికి కట్టేశారు.

“అది నీ చేతికి ఎప్పుడన్న వచ్చిందా?”

“యెట్ల వస్తది? తెగినదాని మీద వచ్చింది నేను ముట్టుకుంటే నాకు తప్పు పడతది.”

వకీలు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తరువాత చట్టం పుస్తకం తెమ్మన్నారు. పేజీ తీసి, వేలు పెట్టి, నాకు కాదు, తనకు తానే చదువుకున్నట్టు చదివారు. సంతకం చేసిన అవార్డు ప్రతి పార్టీకీ ఇవ్వాలి. అందుకున్న రోజు నుంచే గడువు. ఊరికి వచ్చిన రోజు నుంచి అని ఎక్కడా లేదు.

“మున్షీ, ఆ కాగితం చించెయ్యి. మళ్ళీ టైపు చేద్దాం. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, దూలంతో సహా.” ఆ తరువాత ఆమె వైపు తిరిగి అన్నారు. “కానీ నీ మాట ఒక్కటీ చాలదమ్మా. ఆ పెద్దాయన కూడా కోర్టుకు వచ్చి చెప్పాలి.”

బస్సు ఎలాగూ పోయింది.

మర్నాడు నేను ఆ ఊరికి నడిచాను. దుర్గయ్య వాకిట్లో కూర్చుని చేపల బుట్టకు వెదురు చీలుస్తున్నాడు. మా ఇద్దరిదీ ఒకే ఈడు. సంతల్లో బావా బావా అని పిలుచుకునే వరస.

“ఏంది బావా, కోర్టు మా ఊరిదాకా నడిచొచ్చిందా?”

“కోర్టు నడవదు బావా. నిన్నే తీస్కపోదామని వచ్చిన.”

“నేనేం దొంగతనం జేసిన?”

“కాయితం దాచినవట.”

“దాచలే. కట్టిన. అందరికి కనపడేటట్టే కట్టిన. లోపటికొచ్చి చూస్కో.”

విషయం చెప్పాను. అతను కత్తి కింద పెట్టలేదు. “ఊరి కట్టుబాటు ఊళ్ళె ఉంటది. దాన్ని జగదల్‌పూర్ తీస్కపోయి నల్ల కోట్లోళ్ళ ముంగట విప్పాల్నా? నవ్వరా?”

“నవ్వుతరు.”

“పైగా నేనొచ్చి చెప్పిన్నంటే, నా వల్లనే ఆ పిల్ల మునిగిందని ఒప్పుకున్నట్టు గాదా?”

“ఒప్పుకున్నట్టే. ఒప్పుకోవాల్నని వచ్చిన.”

తీపి మాటలు నాకు రావు. అతనికీ అవి పట్టవు. అతను ఇంకో వెదురు బద్ద అందుకున్నాడు. లోపలి నుంచి అతని భార్య గొంతు వినపడింది. “పోయి చెప్పరాదు. ఆ పిల్ల పొలంల గడ్డి మొలిస్తే నువ్వు పోయి కోస్తవా?”

దుర్గయ్య తలుపు వైపు ఒకసారి చూసి, నన్ను అడిగాడు. “మీ కోర్టుల పెద్దను యెవరు పెట్టిండ్రు?”

“సర్కారు.”

“కంపెనీ గాదు గదా?”

“కాదు.”

“అయితే వస్తా.”

సెక్షన్ 34 కేసుల్లో మామూలుగా సాక్షులను పిలవరు. కాగితాలు చూసి తేల్చేస్తారు. ఇక్కడ అవార్డు ఎవరి చేతికి ముట్టిందన్నదే తగువు కాబట్టి, దుర్గయ్య అఫిడవిట్ మీద అతణ్ణి ప్రశ్నించుకోవడానికి కంపెనీ వకీలు అనుమతి అడిగాడు. జడ్జి అమ్మ ఇచ్చింది. రెండు పేశీలు ఊరికే వాయిదా పడ్డాయి. మూడోసారి ముత్తమ్మ, దుర్గయ్య, నేను ముందు రోజే పోయి జగదల్‌పూర్‌లో దిగాం. దుర్గయ్యకు సంతలో నేర్చుకున్న హిందీ వచ్చు, అందుకని దుబాసీ వద్దన్నాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. జరిగిన మాటలను తెలుగులో పెడుతున్నాను.

కంపెనీ వకీలు చురుకైనవాడు. మర్యాదగానే మొదలుపెట్టాడు.

“మీరు ఊరి పెద్ద. ఊరివాళ్ళ కాగితాలు మీరే తీసుకుంటారు, అవునా?”

“ఊరికి వచ్చినవి తీసుకుంటాను.”

“అంటే ముత్తమ్మ తరఫున కూడా మీరే తీసుకున్నారు.”

బల్ల కింద ఊగుతున్న మా వకీలు గారి కాలు ఆగిపోయింది. ఔనంటే దుర్గయ్య ఆమె ప్రతినిధి అయిపోతాడు. అతనికి అందితే ఆమెకు అందినట్టే. కేసు అక్కడితో సరి. ఇలా అడుగుతారని మేం అతనికి ముందే చెప్పలేదు. నేర్పించిన మాట అతని నోట నిలవదని నాకు తెలుసు.

“ఆమె తరఫున తీసుకోలేదు,” అన్నాడు దుర్గయ్య. “ఆమె నన్ను తీసుకోమనలేదు. రోడ్డు కాగితం, సర్వే కాగితం వస్తే నాది. ఆమె మొగుడు పోయినప్పుడు ఆమె బదులు నేను ముండమోశానా?”

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. జడ్జి అమ్మ తలెత్తి చూస్తే ఆగింది.

“అయితే ఆమె పేరున్న కాగితం ఆమెకు ఎందుకివ్వలేదు?”

“తెగిన తగువు మీద కాగితం ఇంటివాళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మళ్ళీ కొట్లాట మొదలవుతుంది. ఆ కట్టుబాటు పెట్టింది నేనే.”

“అంటే ఆమెకు నష్టం కంపెనీ వల్ల రాలేదు. మీ వల్ల వచ్చింది. అంతేనా?”

దుర్గయ్య నన్ను చూడలేదు. ముత్తమ్మను చూశాడు. ఆమె నేల చూస్తోంది.

“కాగితం మటుకు నా వల్లే,” అన్నాడు. “ఇంట్లో పెట్టింది నేను. అందులో గడువుందని నాకు తెలియదు. తెలియకపోయినా పెద్దను నేనే.”

కంపెనీ వకీలు అది తన గెలుపనుకుని కూర్చున్నాడు. మా వకీలు గారు ఇంకేం అడగలేదు. కాగితం ఆమె చేతికి రాలేదని ఎదుటి పక్షమే సాక్షి నోట చెప్పించాక అడగడానికేముంటుంది?

ఎండాకాలం సెలవులకు ముందు ఆర్డరు వచ్చింది. అవార్డు ముత్తమ్మకు అందలేదు, బ్యాంకు ఖాతా ఆగాక ఆమె అవార్డు నకలు తీసుకున్న నాటి నుంచే గడువు, దరఖాస్తు సకాలంలోనే ఉంది. మధ్యవర్తిని కంపెనీ ఒక్కటే పెట్టుకుంది కాబట్టి అవార్డు కొట్టివేయడమైనది. కోర్టు వరండాలో నేను చదివి వినిపిస్తే ముత్తమ్మ ఒకటే అడిగింది.

“అప్పు పోయిందా మామా?”

“పోలేదు. ఆ తీర్పు పోయింది. కంపెనీ మళ్ళీ పంచాయితీ పెట్టొచ్చు.”

“పెట్టనీ. ఈసారి పిలిస్తే పోత. పెద్దను ఇద్దరం కలిసి పెట్టుకుందాం.”

తరువాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కంపెనీ మరుసటి ఏడు మళ్ళీ కదిలింది. రెండు పక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి దగ్గర ఆమె స్వయంగా కూర్చుంది. బండిని మరీ అగ్గువకు అమ్మారని తేలి బాకీ చాలా మటుకు తగ్గింది. మిగిలింది వడ్ల పైసల్లోంచి విడతలుగా కట్టింది. ఎగ్గొట్టాలని ఆమె ఏనాడూ అనుకోలేదు.

కానీ ఆ ఏడు వాన కోర్టు కంటే తొందరపడింది. ఆర్డరు సరే, దాని సర్టిఫైడ్ కాపీ రావాలి, అది బ్యాంకుకు పోవాలి, బ్యాంకు పై ఆఫీసుకు రాయాలి. ఖాతా తెరుచుకునేలోపే రెండు గట్టి వానలు పడ్డాయి. గెలిచిన కేసు ఓడినట్టే అయిందే అని నాకు ఒళ్ళు మండింది. కాపీ రాగానే పోస్టులో వేయలేదు. ఆమె చేతిలోనే పెడదామని బురదలో నడిచి పోయాను.

ముత్తమ్మ ఇంట్లో లేదు. వాగు దాటి పొలానికి పోతే ఆమె నాగలి పట్టుకుని ఉంది. ముందు రెండు ఎడ్లు. ఒకదాని కొమ్ము విరిగి ఉంది. ఆ ఎద్దు దుర్గయ్యదని చుట్టుపక్కల అందరికీ తెలుసు. గట్టు మీద దుర్గయ్య గొడుగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“ఏంది బావా, ఎడ్లు కిరాయికిచ్చినవా?”

“కిరాయి ఎందుకు? తప్పు కట్టిన. ఆమె ఎడ్లు కొనేదాకా ఇవి ఆమెవే.”

“ఊరు కూసోని వేసిందా తప్పు?”

“ఊరెందుకు కూసుంటది? ఎవరూ అడగనే లేదు. పెద్దను నేనే గదా, నేనే వేసిన.”

“మరి నీ పొలం?”

“ఆమెది అయినంక నాది. ఆలస్యమైతే అయితది. నువ్వు పక్కకు జరుగు, ఎడ్లు బెదురుతున్నయ్.”

జరిగాను. ముత్తమ్మ సాలు చివరిదాకా దున్ని, నాగలి ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కాగితం అందుకుంది.

ఆ కేసు తరువాత నేను పార్టీని ‘నోటీసు అందిందా’ అని అడగడం మానేశాను. ఎవరు తీసుకున్నారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎక్కడుంది అని అడుగుతాను. లోపలి ఊళ్ళ కేసుల్లో నిజం ఎక్కువగా ఆ మూడో ప్రశ్న దగ్గర బయటపడుతుంది. అప్పు అవార్డుల మీద చాలామంది నా దగ్గరికి వస్తారు. ఒక పక్షం పెట్టుకున్న పెద్ద న్యాయం చెప్పలేడని చట్టం అంటుందని వాళ్ళకు చెబుతాను. నా వృత్తిలో దానికి ఎదురు పోయిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. అతను తగువుకు తానే పెద్ద, తానే పార్టీ. తీర్పు మాత్రం తన ఎడ్ల మీదే రాసుకున్నాడు.